పట్టుపురుగు రోగము నెట్లు ఎదిరించును?

ఎనిమిదవ తరగతిలో మేము మానవుని రోగనిరోధకశక్తినిగూర్చి బోధించుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, పురుగులకును జబ్బు చేయునా? చేసినచో వానికి మందు లెవరిత్తురు?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేము నవ్వలేదు. అట్టి ప్రశ్ననే శ్రద్ధతో చేపట్టిన శాస్త్రజ్ఞు డొకరు మన సంగారెడ్డికి చేరువనే, హైదరాబాదు నగరమున పనిచేసిరి. ఆయన పేరు జవరేగౌడ నాగరాజు.

మన దేహము ఒకమారు వచ్చిన రోగమును గుర్తుంచుకొని ప్రతిరక్షకములను తయారుచేయును. కీటకములకు ప్రతిరక్షకములు లేవు. అయినను అవి మట్టిలోను, ఆకులమీదను లెక్కలేని సూక్ష్మజీవుల నడుమ జీవించుచున్నవి. స్వీడను దేశస్థుడగు హాన్స్ బోమన్, ఆయన సహచరులు 1981లో ఒక పట్టుచిలుక రక్తమునుండి సూక్ష్మజీవులను చంపు పదార్థమును వేరుచేసి చూపిరి. 1996లో ఫ్రాన్సు దేశమున జూల్స్ హాఫ్మన్ బృందమువారు పండ్ల యీగలో రోగమును పసిగట్టి దేహమును మేల్కొలుపు మార్గమును కనుగొనిరి. హాఫ్మన్‌గారికి 2011లో నోబెల్ బహుమానము లభించెను.

నాగరాజుగారు మొదట బెంగుళూరులో పట్టుపురుగు జాతుల జన్యువులను పరిశీలించి, తరువాత హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమునకు వచ్చిరి. అచట ఆయనయు, శిష్యులును దసలిపట్టు పురుగును పరీక్షించిరి. ఈ పురుగు ఇండ్లలో పెరుగదు. మహదేవపురము, చెన్నూరు ప్రాంతపు అడవులలో మద్దిచెట్లమీద ఎండకు, వానకు ఓర్చి పెరుగును. దాని దేహమున బాక్టీరియాను ప్రవేశపెట్టి, అప్పు డే జన్యువులు మేల్కొనునో గుర్తించి, 2006లో ప్రకటించిరి. 2007లో 'నాడ్యూలర్' అను క్రొత్త మాంసకృత్తును వర్ణించిరి. అది సూక్ష్మజీవులను, పురుగు రక్తకణములను రెంటిని అంటిపెట్టుకొనును. అందుచేత కణములు శత్రువును చుట్టుముట్టి చిన్న ముడులుగా బంధించును. ఆ మాంసకృత్తు తయారు కాకుండ ఆపినప్పుడు ముడులు తగ్గి, రక్తములో బాక్టీరియా పెరిగెను. కారణమును తొలగించి ఫలితమును చూచుటయే శాస్త్రపద్ధతి యని విద్యార్థులు గ్రహింతురు గాక.

ఇది పరిశోధనాలయమునకే పరిమితమైన వేడుక కాదు. హిందూపురము ప్రాంతమున మల్బరీ పట్టుపురుగులను పెంచు కుటుంబములు ఒక వైరస్‌కు మిక్కిలి భయపడుదురు. అది సోకిన పురుగు ఉబ్బి, చర్మము చిట్లి, పాలవంటి ద్రవము కారి చచ్చును. రేయింబవళ్ళు ఆకు వేసి పెంచిన పంట కొలది దినములలో నశించును. అందులకు నాగరాజుగారి బృందము పురుగు కణములలో సహజముగా నున్న యుపాయమునే వాడుకొనెను. కణములో ఒక జన్యువు ఆజ్ఞను మోయు ఆర్.ఎన్.ఏ. జోడుపేటగా కనబడినచో, కణము ఆ యాజ్ఞను ముక్కలు చేయును. వైరస్ ఆజ్ఞలకు సరిపోవు జోడుపేటను పురుగు తానే తయారుచేయునట్లు జన్యువును మార్చిరి. 2007లో ఒక్క వైరస్ జన్యువును, పిమ్మట పెక్కింటిని ఒకేసారి అణచిరి. ఆ శక్తిని పట్టు హెచ్చుగా నిచ్చు జాతిలోనికి సంకరముచే తెచ్చిరి.

ఒక విచిత్రమును గూడ చెప్పవలెను. 1972లో స్థాపితమైన మన పటాన్‌చెరువు ఇక్రిశాట్ సంస్థవారు ఈ వైరస్‌కు బంధువగు మరియొక వైరస్‌ను శనగపచ్చపురుగును చంపుటకు రైతులకు నేర్పిరి. అది పట్టుపురుగు వైరస్ కాదు. ఒక రైతుకు శత్రువైన కుటుంబమే మరియొక రైతుకు మిత్రమగుచున్నది! కావున పురుగు దేహము వైరస్‌తో ఎట్లు పోరాడునో తెలిసికొనుట ఇరువురికిని అవసరమే.

2012 డిసెంబరులో నాగరాజుగారు అకస్మాత్తుగా మరణించిరి. పెక్కు జన్యువుల నణచిన ప్రయోగమును దెలుపు వ్యాసము 2013 జనవరిలో 'జెనెటిక్స్' పత్రికలో శిష్యుల పేర్లతోబాటు ఆయన పేరును ధరించి అచ్చయ్యెను. గురువు పోయినను, ప్రశ్న శిష్యుల చేతులలో నిలిచినది.

ఆనాడు తరగతి నవ్వగా ఆ బాలుడు సిగ్గుపడి కూర్చుండెను. మరునాడు మేము వానిని నిలువబెట్టి, ఈ వృత్తాంతమంతయు చెప్పి, వాని ప్రశ్నను నల్లబల్లమీద వ్రాయించితిమి. తల్లిదండ్రులారా, ఇంటిలో పిల్ల లడుగు చిన్న ప్రశ్నలను త్రోసివేయకుడు. విద్యార్థులారా, మీరు అడుగుట మానకుడు.