ధృతి

మనువు చెప్పిన పది ధర్మలక్షణములలో మొదటిది ధృతి. లోకము ఈ పదమును ధైర్యమను అర్థమున వాడుచున్నది. అది తప్పు కాదు; అమరకోశమునందును ఆ అర్థము కలదు. అయినను ధాతువును చూడవలెను. ‘ధృఞ్’ ధాతువునకు ధరించుట, పట్టి నిలుపుట అని అర్థము. ధర్మశబ్దమును దానినుండియే పుట్టినది. కొండ నెక్కించునది సాహసము. కాళ్లు విరిగిన పిమ్మట దింపునది ధృతి.

1977 జూలై 13వ తేదీన కారకోరం పర్వతములలో 7,285 మీటర్ల ఎత్తుగల బైంథా బ్రాక్ శిఖరమును ఆంగ్లేయులగు డగ్ స్కాట్, క్రిస్ బోనింగ్టన్ తొలిసారిగా అధిరోహించిరి. సాయంసంధ్యలో త్రాటిపై దిగుచుండగా మంచు పేరిన రాతిపై స్కాట్ పాదము జారెను. త్రాటికి వ్రేలాడుచు ఊయలవలె ఊగిపోయి ఎదుటి బండకు కొట్టుకొనెను. చీలమండలకు పైన రెండు కాళ్లును విరిగినవి. గుడారము లేక, కప్పుకొనుటకేమియు లేక, ఆ రాత్రి ఇరువురును మంచులోనే గడపిరి.

తాను నిలువలేకున్నను మోకాళ్లపై ప్రాకగలనని స్కాట్ గ్రహించెను. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమునకు ఇదియే చక్కని వ్యాఖ్య. మనస్సు, ప్రాణము, ఇంద్రియములు అను వీని వ్యాపారములను చెదరనీయక నిలుపునది సాత్త్వికధృతి అని భగవానుడు వచించెను. అంతటితో ఆగక, భయమును, శోకమును, విషాదమును విడువక పట్టుకొనియుండుటయు ఒక ధృతియే యనియు, అది తామసమనియు చెప్పెను. ఈ రెండవ మాటను పాఠకులు తరచుగా దాటిపోవుదురు. పట్టు ఇరువురికిని ఉండును. దేనిని పట్టిరి అనునదే ప్రశ్న. విరిగిన కాళ్లనే తలచుచు కూర్చున్నవాడు అచటనే గడ్డకట్టిపోయెడివాడు. స్కాట్ మిగిలిన మోకాళ్లను పట్టుకొనెను.

క్రింద నున్న సహచరు లిద్దరు ముందు నడచి బాట తీసిరి. తుపాను వలన మంచుగుహలో నిలిచిపోవలసి వచ్చెను. త్రోవలో బోనింగ్టన్‌కును ప్రక్కటెముకలు విరిగినవి. సుమారు వారము దినములకు, ఒరసిపోయిన మోకాళ్లతో స్కాట్ మూలశిబిరము చేరెను. అచటినుండి బాల్టీ కూలీలు అతనిని డోలీపై మోసికొనిపోయిరి. ధరించుట యను ధాత్వర్థమును అక్షరాల నెరవేర్చినవారు వీరే. ఒక్కని ధృతినే కీర్తించి వీరి భుజములను మరచుట న్యాయము కాదు.

ఎముకలు అతికిన పిమ్మట, 1979లో స్కాట్ ప్రాణవాయు యంత్రము లేకయే కాంచనజంగ నెక్కెను. తదుపరి కాలమున నేపాళ పర్వతగ్రామములలో పాఠశాలలకు, వైద్యశాలలకు పాటుపడు సంస్థను స్థాపించెను. 2020లో మెదడునకు అర్బుదవ్యాధి సోకియున్నను, 1975లో ఎవరెస్టుపై ధరించిన ఉడుపునే తొడుగుకొని, ఆ సంస్థకు ధనము కూర్చుటకై తన యింటి మెట్లెక్కెను. ఆ డిసెంబరులోనే మరణించెను.