పాఠం 12: నీళ్ళు ఎటు పోతున్నాయి?

మీ పెరట్లో చిన్న కొలను, దానికో జలపాతం ఉన్నాయనుకోండి. (చెరువంటే ఊరంతటిదీ, ఇది కొలనే!) రోజూ రెండంగుళాల నీళ్ళు తగ్గిపోతున్నాయి. చేపలున్నాయి, ఊరుకోలేం.

రాత్రికి జలపాతం పంపు ఆపండి. చేపలకి గాలందించే పంపు మాత్రం ఆపొద్దు. పైనున్న నీళ్ళన్నీ కొలనులోకి దిగాక, నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. పొద్దున్నే చూడండి.

నీళ్ళు తగ్గకపోతే కొలను బాగానే ఉంది. లోపం జలపాతంలోనో పైపులోనో ఉంది. చాలాసార్లు రాయి జరిగి, నీళ్ళు షీటు అంచు దాటి మట్టిలోకి పోతుంటాయి. ఆ అంచు పైకెత్తి, కింద మట్టి కూరి, రాయి సర్దండి.

బాగా తగ్గితే కొలను షీటుకే చిల్లి పడి ఉంటుంది. కుళాయి నీళ్ళు నింపాల్సొస్తే క్లోరిన్ పోయే మందు కలపండి, లేకపోతే చేపలు చస్తాయి.

అభ్యాసం: తగ్గు – తగ్గితే – తగ్గకపోతే. ఇలాగే ‘జరుగు’, ‘ఆపు’, ‘నింపు’ రాయండి.