టాబ్లెట్టులో అక్షరములు పెంచిన బ్యాటరీ తరుగునా?

పంచాయతీ లెక్కలు, దరఖాస్తులు, తీర్మానములు నేడు టాబ్లెట్టు తెరపై చూడవలసిన అవసరము సభ్యులకు తరచుగా కలుగుచున్నది. చూపు మందగించిన పెద్దలు "అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి, బాబూ" అని కోరినపుడు, "బ్యాటరీ అయిపోతుందండీ" అని చిన్న అక్షరములతోనే సరిపెట్టువారు కలరు. చదువలేని కాగితముపై సంతకము చేయుట ఎట్టిదో, చదువలేని తెరను చూచి తలయూపుట అట్టిదే. కనుక ఈ మాటలో నిజమెంతయో తెలిసికొందము.

తెర పనిచేయు తీరు

టాబ్లెట్టు తెర సన్నని చుక్కల కూర్పు. వీనినే పిక్సెళ్లు అందురు. వెడల్పున 1920, ఎత్తున 1200 చుక్కలు గల తెరలో మొత్తము 23,04,000 చుక్కలుండును. అక్షరములను పెంచినను, తగ్గించినను ఈ సంఖ్య మారదు. పలకపై పెద్దగా వ్రాసినంత మాత్రమున పలక పెరుగదు గదా! అందుచే సెట్టింగులలో 'డిస్ప్లే సైజు', 'ఫాంట్ సైజు' మార్చుటవలన బ్యాటరీ ఖర్చులో గుర్తింపదగిన తేడా రాదు. పుటలో పట్టు పంక్తులు తగ్గి, తెరను ఎక్కువసార్లు జరుపవలసివచ్చును. ఆ ఖర్చు స్వల్పము.

'రిజల్యూషన్' అను అమరిక వేరు. ఇది కొన్ని పరికరములలోనే యుండును. దీనిని తగ్గించినచో పరికరము గీయవలసిన చుక్కలు తగ్గి, ఆటలయందు కొంత ఆదా కలుగవచ్చును. జాబితాలు చదువుటలో ఆ ఆదా అత్యల్పము.

అసలు ఖర్చు ఎక్కడ?

ఎల్.సి.డి. తెర వెనుక ఒక దీపము వెలుగుచుండును. తెర ఖర్చులో అధికభాగము దానిదే. నల్లని రంగు పెట్టినను ఆ దీపము ఆరదు. ఓ.ఎల్.ఇ.డి. తెరలో ప్రతి చుక్కయు తానే వెలుగును. కావున అందు నల్లని నేపథ్యము మేలుచేయును.

ఒక లెక్క చూడుడు. బ్యాటరీలో 27 వాట్-గంటల శక్తి కలదనుకొందము. పరికరము 4 వాట్లు వాడినచో 6 గంటల 45 నిమిషములు నడచును. వెలుగు తగ్గించి వాడకమును 3 వాట్లకు తెచ్చినచో 9 గంటలు నడచును. చిన్న అక్షరములు కనబడక వెలుగు పెంచువారే బ్యాటరీని ఎక్కువ ఖర్చుచేయుచున్నారు. పెద్ద అక్షరములను తక్కువ వెలుగులోను చదువవచ్చును.

చేయదగిన పనులు

1. వెలుగును అవసరమైనంతవరకే ఉంచవలెను.
2. ఆరుబయట సభ జరుగునపుడు తెరను నీడలో ఉంచవలెను. ఎండలో వెలుగు మిక్కిలి పెంచవలసివచ్చును.
3. వాడనపుడు తెర త్వరగా ఆరిపోవునట్లు 'స్క్రీన్ టైమౌట్' తగ్గింపవలెను.
4. 'రిఫ్రెష్ రేటు' 120 ఉన్నచో 60కి మార్చవలెను.
5. సభకు ముందే బ్యాటరీని నింపుకొనవలెను.

తీర్మానమును స్వయముగా చదివి సమ్మతించుట సభ్యుని హక్కు. అక్షరములను ధారాళముగా పెంచుడు. వెలుగును పొదుపుగా వాడుడు.