ఇంటి మెష్ వైఫైయును, తీగ తగిలించిన స్పీకరును

తిరుపతినుండి చిత్తూరు పోవు మార్గమున గాదంకి యను గ్రామము కలదు. అచ్చటి నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీవారి రాడారు 53 మెగాహెర్ట్జుల రేడియో తరంగములను ఆకాశమునకు పంపి గాలుల గతిని పరిశీలించును. ఆ తరంగము పొడవు ఇంచుమించు ఐదున్నర మీటర్లు. మన యిండ్లలోని వైఫైయు ఆ జాతిదే. అయితే 2.4 గిగాహెర్ట్జుల వైఫై తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఈ చదువు పరీక్షకేగాక యింటి పనికిని అక్కరకు వచ్చునని చూపుటకు ఈ పాఠమును వ్రాయుచున్నాను.

తిరుపతిలో నా మిత్రులొకరి యిల్లు పాతకాలపు మిద్దె. మూరెడు మందముగల రాతిగోడలు తరంగములను మిక్కిలి తగ్గించును. గాన వారు మూడు పెట్టెలుగల మెష్ వైఫైని అమర్చుకొనిరి. ఆ యింట చూపు పోయిన వృద్ధమాత కలదు. అడిగినంతనే వార్తలను, పుస్తకములను వినిపించు స్మార్ట్ స్పీకరే ఆమెకు కన్నులు. మాట తెగకుండవలెనని కుమారుడు ఆమె గదిలో నొకటి, వసారాలో నొకటి స్పీకర్లను ఉంచి, రెంటికిని కేబులు తగిలించిరి. ఆ సాయంకాలమే యింటి నెట్టంతయు స్తంభించెను. మనుమని ఆన్‌లైను పాఠము ఆగిపోయెను. “నాయనా, నా పెట్టె పలుకదేమి?” అని అవ్వ అడిగెను. అందరును నెట్టు కంపెనీవారిని నిందించిరి. కాని తప్పు వారిది కాదు.

కారణమేమి? కొన్ని రకముల స్పీకర్లు తీగ తగిలించిన పిదపను తమ వైఫైని ఆర్పక, తమలో తాము వేరొక గాలిదారిని ఏర్పరచుకొనును. తీగదారియు గాలిదారియు కలిసి వలయమగును. పల్లెలోని దండోరాను తలచుకొనుడు. ప్రతి వీధివాడును తాను విన్నదానిని తక్కిన వీధులకు చాటవలెననుకొందము. వీధులు చెట్టుకొమ్మలవలె చీలియున్నచో చాటింపు కొనవరకు పోయి ఆగును. వీధులు గుండ్రముగా కలిసినచో అది తిరిగి మొదటివాని చెవిని బడును. అతడు మరల చాటును. దానికి అంతము లేదు. ఈథర్నెట్టులో అందరికిని పంపబడు సందేశమునకు ఇన్ని మారులే తిరుగవలెనను కట్టుబాటు లేదు. గాన క్షణములో నకళ్లు వేలకొలది పుట్టి దారులన్నియు నిండిపోవును. దీనిని బ్రాడ్‌కాస్ట్ తుఫాను అందురు.

1985లో రేడియా పెర్ల్‌మన్ అను అమెరికా విదుషీమణి దీనికి విరుగుడు కనిపెట్టెను. స్పానింగ్ ట్రీ యను ఆ విధానమున యంత్రములు సంప్రదించుకొని, వలయము కలిగించు దారిని మూసి, జాలమును చెట్టువలె నుంచును. 1990లో ఇది ఐ.ఇ.ఇ.ఇ. ప్రమాణమాయెను, 2001లో వేగవంతమైన రూపము వచ్చెను. పాత పద్ధతి స్పీకరునకును క్రొత్త పద్ధతి పెట్టెకును పొత్తు కుదరనిచో, లేక పెట్టె ఆ సంప్రదింపులను ముందుకు పోనీయనిచో, వలయము తెరచియే యుండును.

పరీక్షించు క్రమమిది. మొదట స్పీకర్ల తీగలన్నియు తీసి, పెట్టెలను ఆర్పి మరల వెలిగించి, పది నిమిషములు చూడుడు. నెట్టు కుదుటపడినచో దోషము ఆ తీగలయందే కలదని యెరుగుడు. రెండవది, ఒక్క స్పీకరునకు మాత్రమే తీగ తగిలించుడు. మూడవది, రెంటికిని తీగ తప్పనిసరియైనచో వాని అమరికలలో వైఫైని ఆర్పుడు. నాలుగవది, స్పీకరు తన గాలిదారిని నడుపుచున్నచో, 1, 6, 11 చానెళ్లలో మెష్‌ పెట్టె వాడనిదానిని దానికి ఇండు. ఈ మూడును ఒకదానిపై నొకటి పడవు. ఐదవది, నెట్టు బాగుండియు ఫోనుకు స్పీకరు కనబడనిచో రెంటి చిరునామాలను పోల్చుడు. ఒకటి 192.168.0 తోను, వేరొకటి 192.168.1 తోను మొదలైనచో, కంపెనీ రౌటరును మెష్‌ పెట్టెయు వేర్వేరు జాలములను నడుపుచున్నవని తలపవచ్చును. అప్పుడు మెష్‌ను బ్రిడ్జి పద్ధతికి మార్చవలెను.

ఒక మారు ఒక్క మార్పే చేసి ఫలితమును వ్రాసికొనుడు. రెండు మార్పులు ఒక్కసారి చేసినవానికి ఏది మందో తెలియదు.

మిత్రుని యింట రెండవ మెట్టుతోనే పని కుదిరెను. వసారా తీగను తీసి, అవ్వ గది తీగను ఉంచితిమి. ఆ రాత్రి ఆమె వార్తలు విని నిద్రించెను. తెలియని దోషమునకు పొరుగువారిని నిందించుటకంటె, ఒక తీగను తీసి చూచుట మేలు.