పిల్లలకు కూడా బి.పి. వస్తుందా?



బి.పి. అంటే తాతకో, నానమ్మకో వచ్చే జబ్బని మన మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో చాలామంది అనుకుంటారు. బిడ్డ తల నొస్తుందంటే కండ్లద్దాలు కావాలేమో అనుకుంటాం, లేదా బడి ఎగ్గొట్టే సాకు అనుకుంటాం. కానీ పిల్లలకూ అధిక రక్తపోటు వస్తుంది. 2016 నుండి 2018 వరకు మన దేశంలో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుండి 19 ఏండ్ల వారిలో నూటికి దాదాపు 5గురికి ఇది ఉన్నట్లు తేలింది. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరు. మన సండే స్కూలులోనూ అలాంటి బిడ్డ ఉండవచ్చు.

ఎంత ఉంటే ఎక్కువ?

13 ఏండ్లు నిండిన వారికి 120/80 లోపు ఉండాలి. పై అంకె 130 గాని, క్రింది అంకె 80 గాని, అంతకు మించి గాని ఉంటే అధిక రక్తపోటు. అంతకంటే చిన్నవారికి వయస్సు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది పట్టికలో చూచి చెప్పాలి. పెద్దలలో మనం పట్టించుకోని 120/80 ఆరేండ్ల బిడ్డకు ఎక్కువే.

ఒక్కసారి చూచి జబ్బని చెప్పకూడదు. బిడ్డను 5 నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టి, చేతికి సరిపోయే పట్టీతో, మూడు వేర్వేరు రోజులలో చూడాలి. పట్టీ చిన్నదైతే లేని బి.పి. కనిపిస్తుంది, పెద్దదైతే ఉన్న బి.పి. దాగిపోతుంది.

ఎందుకు వస్తుంది?

చిన్న పిల్లలలో ఎక్కువగా మూత్రపిండాల జబ్బు కారణం. గజ్జి పుండ్లు చీము పట్టినా, గొంతు నొప్పి వచ్చినా, కొన్ని వారాల తరువాత కొందరికి ప్రొద్దున లేవగానే ముఖం ఉబ్బుతుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. దానిని దిష్టి అనుకొని రోజులు గడపవద్దు. అప్పుడు బి.పి. ఒక్కసారిగా పెరిగి ఫిట్స్ రావచ్చు. కొందరిలో గుండె నుండి వచ్చే పెద్ద రక్తనాళం పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. అందుకే డాక్టరు చేతి నాడితోపాటు గజ్జలలో నాడి కూడా చూస్తారు.

పెద్ద పిల్లలలో అధిక బరువు, ఉప్పు, ఆటలు లేకపోవడం, తల్లిదండ్రులకు బి.పి. ఉండడం ముఖ్య కారణాలు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల పనిలో ఉన్న ఇంట్లో బిడ్డ చేతికి పది రూపాయలిచ్చి దుకాణానికి పంపడం తేలిక. మేము ఎవరినీ తప్పు పట్టడం లేదు. కాని ఆ చిప్స్, మిక్చర్ పొట్లాలలో ఉప్పు చాలా ఉంటుంది.

ఇంట్లో ఏమి చేయాలి?

1. పెద్దలకే రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు ఉప్పు చాలు. పిల్లలకు ఇంకా తక్కువ. తొక్కు, అప్పడాలు తగ్గించండి. చిప్స్‌కు బదులు ఉప్పు వేయని పల్లీలు, ఉడికించిన మక్క కంకి, జామకాయ పెట్టండి.

2. రోజుకు ఒక గంట ఆడనివ్వండి.

3. 3 ఏండ్లు నిండిన బిడ్డకు ఏడాదికొకసారి బి.పి. చూపించండి.

4. తాతగారి బి.పి. మాత్ర బిడ్డకు వేయవద్దు. డాక్టరు మందు ఇస్తే, తలనొప్పి తగ్గిందని మీ అంతట మీరు ఆపవద్దు.

వెంటనే రావలసినప్పుడు

తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ముఖం ఉబ్బడం, మూత్రం తగ్గడం కనిపిస్తే రాత్రి అయినా ఆగవద్దు. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

చాలామంది పిల్లలలో బి.పి. ఏ బాధా చెప్పదు. చెప్పకుండానే గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఈసారి తాతగారికి బి.పి. చూపించడానికి వచ్చినప్పుడు మనుమడిని కూడా వెంట తీసుకొని రండి. దేవుడు మన చేతికప్పగించిన బిడ్డల కొరకు ప్రార్థన చేద్దాం, పరీక్షా చేయిద్దాం.