యూపీఎస్ ఉన్నా టేబుళ్లు ఎందుకు పాడవుతున్నాయి?

ప్రశ్న: మా మందుల హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ సర్వరు మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒక టేబుల్ పాడైందంటోంది. యూపీఎస్ ఉంది. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు ఆ టేబుళ్లు ఏ ఇంజిన్‌లో ఉన్నాయో మీ సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి. మైఐసామ్ అయితే సగం సమస్య అక్కడే ఉంది. రాస్తుండగా కరెంటు పోతే తనంతట తాను కోలుకునే ఏర్పాటు దానికి లేదు. ఇన్నోడీబీ అలా కాదు. మార్పును ముందు లాగ్‌లో రాసుకుంటుంది, మళ్లీ లేచాక ఆ లాగ్ చదివి మిగిలిన పని పూర్తి చేస్తుంది. 16 కేబీ పేజీ సగంలో ఆగినా డబుల్‌రైట్ బఫర్‌లోని నకలు ఆదుకుంటుంది. వేగం కోసం దాన్ని ఆపేస్తుంటారు, మీరు మాత్రం ఒప్పుకోకండి. కమిట్ అయిన ప్రతిసారీ లాగ్ డిస్కుకు చేరేలా చూసే ఇన్నోడీబీ సెట్టింగ్ 1లోనే ఉండాలి. 2లో పెడితే కరెంటు పోయినప్పుడు చివరి సెకను బిల్లులు పోవచ్చు.

మైఐసామ్ టేబుళ్లను ఇన్నోడీబీకి మార్పించండి. మార్చే ముందు సర్వరు ఆపి డేటా మొత్తం కాపీ తీయించండి. ఇది తప్పనిసరి.

యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబుల్ తగిలించారా? చాలాచోట్ల అది పెట్టెలోనే ఉండిపోతుంది. కేబుల్ ఉంటే, బ్యాటరీ అడుగంటుతుండగానే ఎన్‌యూటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సర్వరును పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది. లేకపోతే యూపీఎస్ ప్రమాదాన్ని కాసేపు వాయిదా వేస్తుంది, అంతే.

ఈసారి ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు కెపాసిటర్లతో పవర్‌లాస్ రక్షణ ఉన్న సర్వరు రకమే అడగండి.