నిబ్బరం నేర్చుకుంటే వచ్చేదే

సంక్రాంతి ముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఏ ఇంటికి వెళ్లినా ఒకటే హడావుడి. అటక మీద సామాన్లన్నీ దించి బూజు దులుపుతారు. కర్టెన్లు, దుప్పట్లు, బొంతలు ఒకేసారి వాషింగ్ మిషన్‌లోకి వెళ్తాయి. సరిగ్గా అప్పుడే అది ఆగిపోతుంది. టబ్బు నిండా సబ్బు నీళ్లు, అందులో ముద్దగా తడిసిన దుప్పట్లు. నీళ్ల ట్యాంకర్ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంట్లో మొదట వినిపించేది ఒక కేక: "అంతంత ఎవరు కుక్కమన్నారు అందులో?"

కొందరికి ఓపిక పుట్టుకతోనే వస్తుందని, తమకు రాలేదని చాలామంది సరిపెట్టుకుంటారు. ఈ ఆలోచన మానుకోండి. తర్వాత ఏం చేయాలో తెలిసిన మనిషి కంగారు పడడు. తెలియనప్పుడే కాళ్లూ చేతులూ ఆడవు, నోరు లేస్తుంది. అంటే నిబ్బరం నేర్చుకోగలిగిన విద్య.

విమానాలు నడిపేవాళ్లు కూడా దీన్ని నేర్చుకున్నవాళ్లే. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త విమానం పైకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. నడిపినవాళ్లు అనుభవం లేనివాళ్లు కారు. నేల మీద ఉన్నప్పుడు విమానాన్ని అదుపు చేసే పలకలు గాలికి కదలకుండా వేసే తాళం తీయడం మరిచిపోయారు, అంతే. ఆ తర్వాత పైలట్లు వరుసగా చూసుకోవాల్సిన పనులను కాగితం మీద రాసుకున్నారు. అదే విమానం బి-17 పేరుతో 12 వేలకు పైగా తయారైంది. అంతటి నిపుణులే కాగితం మీద ఆధారపడ్డప్పుడు పండగ పనుల్లో మునిగిన ఇల్లాలు అన్నీ తలలో పెట్టుకుని నడవాలనడం న్యాయమా? మిషన్ ఆగినప్పుడు చేయాల్సిన పనుల వరుస ఏమిటో చూద్దాం.

మొదట కరెంటు

ఆగిన మిషన్‌లో చేయి పెట్టకండి. పొడి చేత్తో స్విచ్ ఆపి ప్లగ్గు తీయండి. నేలంతా తడిగా ఉంటే మెయిన్ ఆపాకే దగ్గరికి వెళ్లండి. డ్రైయర్ పూర్తిగా నిలిచేదాకా మూత లోపలికి చేయి పోనివ్వకండి. వెనక రేకు విప్పే సాహసం అసలే వద్దు. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు.

తర్వాత బట్టలు, నీళ్లు

మిషన్ ఎందుకు ఆగిందన్నది ఒక ప్రశ్న. లోపలున్న దుప్పట్ల సంగతేమిటన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేసుకుంటే ఏదీ తెమలదు. ముందు దుప్పట్లు తీసి జాడించండి. ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండితే బరువైన దుప్పటి కూడా లొంగుతుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన నేల ఇది. ఇక్కడ ఒక టబ్బు నీళ్లంటే చిన్న విషయం కాదు. సబ్బు నీళ్లు బాత్రూమ్ కడగడానికి, ఆఖరు జాడింపు నీళ్లు ఇల్లు తుడవడానికి వస్తాయి.

బాత్రూమ్ కడిగే తొందరలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. త్వరగా తెమలాలని బ్లీచింగ్ పౌడర్‌నూ యాసిడ్‌నూ కలిపేస్తుంటారు. ఆ కలయిక నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పని ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆ రెండూ ఒకచోట చేరకూడదు.

ఆ తర్వాత కారణం

విప్పకుండానే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. డ్రెయిన్ పైపు మడత పడిందా? దారపు పీచు పట్టే జాలీ నిండిందా? డ్రైయర్ మూత సరిగ్గా పడిందా? బరువు ఎక్కువైందా? 7 కిలోల మిషన్ అంటే పొడి బట్టల లెక్క. తడిసిన బొంత బరువు ఆ లెక్కలో ఉండదు.

మన వైపు ప్రత్యేకంగా చూడాల్సింది నీళ్లు వచ్చే దారి. వందల అడుగుల లోతు బోర్ల నుంచి వచ్చే ఉప్పు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా గార కట్టేది అదే, సబ్బు నురగ రానివ్వనిదీ అదే. నీళ్ల పైపు మిషన్‌కు బిగించే చోట వేలి గోరంత జల్లెడ ఉంటుంది. ఇసుక, గార చేరి అది మూసుకుపోతే నీళ్లు సన్నగా వస్తాయి, ఆటోమేటిక్ మిషన్ ఎదురుచూసి ఎదురుచూసి ఆగిపోతుంది. కొళాయి కట్టి, పైపు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో ఆ జల్లెడను రుద్దితే చాలు. నీళ్లు వేడి చేసే మిషన్ అయితే హీటర్ మీద కూడా గార పడుతుంది. దాన్ని కరిగించే పొడి ఎన్నాళ్లకోసారి వాడాలో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఫర్వాలేదని భారతీయ ప్రమాణం చెబుతోంది. మీ బోరు నీళ్లను ఒకసారి పరీక్ష చేయించండి. మిషన్‌కే కాదు, ఫ్లోరైడ్ బెడద ఉన్న మన ప్రాంతంలో ఒంటికీ అవసరమే.

మెకానిక్‌తో మాట

"అన్నా, మిషన్ పాడైంది, తొందరగా రా" అంటే అతనికి ఏం అర్థమవుతుంది? ఇలా చెప్పి చూడండి: "అన్నా, నీళ్లు నిండినాయి. టైమర్ తిరుగుతోంది. మోటారు మూలుగుతోంది గానీ లోపల చక్రం తిరగట్లేదు. డ్రైయర్ బాగానే ఉంది." బెల్టో కెపాసిటరో వెంట తీసుకురావాలని అతనికి ఫోన్‌లోనే తట్టొచ్చు. వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు కూడా ఫొటో తీసి పంపండి. అర్ధవీడుకో కొమరోలుకో బండి మీద వచ్చే మనిషికి రెండో తిరుగుడు తప్పుతుంది, మీకు పండగ పూట ఒక రోజు మిగులుతుంది. ఎదుటివాడి పనిని తేలిక చేసే మాటే మంచి మాట. ఆఫీసులో అధికారితోనైనా, ఆసుపత్రిలో డాక్టరుతోనైనా ఇదే పద్ధతి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏది బాగానే ఉంది.

మార్చిన పాత సామాను చూపించమనండి, బిల్లు అడగండి. వారంటీ ఉండీ కంపెనీ తిప్పుకుంటుంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మర్యాదగా అడగడం గొడవ పెట్టుకోవడం కాదు.

అందరి పని

మిషన్ ఆగినప్పుడు తప్పు ఎవరిదని వెతికే ఇంట్లో, తర్వాతి సారి ఎవరూ నిజం చెప్పరు. జేబులో రూపాయి బిళ్ల వదిలేసిన పిల్లవాడు భయపడి నోరు మూసుకుంటాడు, మోటారు మూలుగుతూనే ఉంటుంది. "ఎవరు చేశారు" అనే ప్రశ్నను "ఎక్కడ ఆగింది" అని మార్చుకోండి. పిల్లలు ఆ మాటనే నేర్చుకుంటారు, రేపు పరీక్ష తప్పినప్పుడో ఉద్యోగం పోయినప్పుడో తమను తాము తిట్టుకోకుండా అదే ప్రశ్న వేసుకుంటారు.

మరో మాట. ఉతికే పని ఆమెది, బాగు చేయించే పని ఆయనది అనే పంపకం వల్లే చిన్న జల్లెడ మూసుకుపోయినా ఇల్లంతా స్తంభిస్తుంది. ఉతికే మనిషికి పైపు విప్పి జల్లెడ కడగడం తెలియాలి, బాగు చేయించే మనిషికి ఉతకడం తెలియాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో అందరూ మిషన్ చుట్టూ చేరండి. ప్లగ్గు తీయడం, పైపు విప్పడం, జల్లెడ కడగడం ఒక్కొక్కరి చేత ఒకసారి చేయించండి. ఆ వరుసను, మోడల్ నంబరును, మెకానిక్ ఫోన్ నంబరును పిల్లల చేత పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించండి. అరగంట పని. అంతా సవ్యంగా ఉన్న రోజున నేర్చుకున్నదే చెడ్డ రోజున నిబ్బరమై అక్కరకొస్తుంది.